ఒక వ్యాసం చదవడానికి ఇన్ని ఆప్షన్లా?

ట్రఫిలతూరా అని ఒక పనిముట్టు ఉంది. వెబ్ పేజీ చిరునామా ఇస్తే అందులోని మెనూలు, ప్రకటనలు, పక్కపట్టీలు, పాదపట్టీలు తీసేసి అసలు వ్యాసాన్ని మాత్రం చేతిలో పెడుతుంది. బెర్లిన్‌లో భాషా పరిశోధన చేసే అడ్రియెన్ బార్బరేసి దాన్ని పైథాన్‌లో రాశాడు. మంచి పనిముట్టు. నేను రోజూ వాడతాను. కాని టెర్మినల్ తెరిచి ‘ట్రఫిలతూరా --హెల్ప్’ అని కొట్టి చూడండి. ముప్పైకి పైచిలుకు ఆప్షన్లు తెర దాటి కిందికి పోతాయి. కామెంట్లు వద్దంటే ‘--నో-కామెంట్స్’. పట్టికలు వద్దంటే ‘--నో-టేబుల్స్’. లింకులు కావాలంటే ఒకటి, బొమ్మలు కావాలంటే ఒకటి. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంటే ఏరెయ్యడానికి ‘--డీడూప్లికేట్’. పేజీ అసలు దొరక్కపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకడానికి ‘--ఆర్కైవ్డ్’. ఒక మనిషి రాసిన పది పేరాలు ఇంకో మనిషి చదువుకోవడానికి ఇంత తతంగమా?

మా రోజుల్లో రెండే ఆప్షన్లు. ‘లింక్స్ -డంప్ -నోలిస్ట్’, దాని పక్కన పేజీ చిరునామా. అంతే.

లింక్స్ అనే బ్రౌజరు 1992లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. బొమ్మలు చూపించదు, అక్షరాలే చూపిస్తుంది. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను మామూలు జనానికి తెరిచినప్పుడు చవకరకం ఖాతా ఒకటి ఉండేది, షెల్ అకౌంట్ అనేవాళ్లం. మోడెం గీపెట్టి గీపెట్టి లైను కలిశాక నల్లటి తెర మీద అక్షరాలు వచ్చేవి. ఆ తెర మీద మాకు వెబ్ అంటే లింక్సే. ‘-డంప్’ అంటే పేజీని అక్షరాలుగా మార్చి బయటికి పొయ్యమని. పేజీలో ఎన్ని లింకులుంటే అన్నిటికీ చదరపు బ్రాకెట్లలో నంబర్లు వేసి, చివర్లో ఆ చిరునామాలన్నీ వరసగా ఇచ్చేది. ఆ జాబితా వద్దంటే ‘-నోలిస్ట్’. వరస వెడల్పు మార్చాలనుకుంటే ‘-విడ్త్’. వచ్చింది ఫైల్లోకి మళ్లించి, ‘ఎల్పీఆర్’ కొడితే ప్రింటరు కాగితం మీద పెట్టేది. పైన ఓ పది వరసలు మెనూ ఉంటే ‘సెడ్’తో కోసేసేవాళ్లం.

పని అంత తేలిగ్గా జరగడం మా గొప్పతనం కాదు, పేజీ గొప్పతనం. శీర్షిక, రచయిత పేరు, పేరాలు, అయిపోయింది. చాలా పత్రికలు పేజీ చివర ‘ప్రింట్ వెర్షన్’ అని ఒక లింకు కూడా ఇచ్చేవి. అది నొక్కితే పక్కపట్టీలు కూడా లేని ఒట్టి వ్యాసం వచ్చేది. అంటే చదివేవాడికి వ్యాసం మాత్రమే కావాలని పేజీ తయారుచేసినవాడికి తెలుసు, ఆ ఏర్పాటు వాడే చేసేవాడు. ఇప్పుడా లింకు ఎక్కడైనా కనిపిస్తోందా?

ఆ రోజులన్నీ బంగారమని నేను అనను. తెలుగు విషయంలో అది చీకటి కాలం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చారు కాని, మన దినపత్రికలు వెబ్‌కు వచ్చిన కొత్తలో ఎవరి ఫాంటు వాళ్లదే. ఒక పత్రికలో ‘క’ ఉన్న స్థానంలో ఇంకో పత్రికలో ఒత్తు ఉండేది. బ్రౌజర్లో ఆ ఫాంటు వేసుకుంటే తెలుగు కనిపించేది గాని, ‘-డంప్’ కొడితే ఐరోపా వాళ్ల గుర్తులున్న అక్షరాలు గజిబిజిగా రాలిపడేవి. ఇంగ్లీషు వ్యాసాలు ఫైళ్ల కొద్దీ దాచుకున్నాం. తెలుగువి దాచుకున్నా చదవలేకపోయాం. తర్వాత పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు వచ్చి ఆ ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపించింది. దానికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. యూనికోడ్ వచ్చాక కూడా కష్టాలు ఒక్కసారిగా పోలేదు. వరసలు మడిచే ‘ఫోల్డ్’ కమాండు చాలాకాలం బైట్లు లెక్కపెట్టి కోసేది. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. ఎక్కడ కోత పడితే అక్కడ అక్షరం రెండు ముక్కలై, వరస చివర ఒక ప్రశ్నార్థకం, కింది వరస మొదట ఇంకొకటి మిగిలేవి. ఈ సంగతిలో నేటి కుర్రాళ్లు అదృష్టవంతులు. ట్రఫిలతూరాకు తెలుగు పేజీ ఇస్తే తెలుగే వస్తుంది. ‘--టార్గెట్-లాంగ్వేజ్’ పక్కన తెలుగు కోడు పెడితే తెలుగు కానివి పక్కన పడేస్తుంది కూడా.

అక్షరం బాగుపడింది, పేజీ పాడైంది. నా బాధంతా అదే.

ఎలా పాడైందో ఈ పనిముట్లు పనిచేసే తీరు చూస్తేనే తెలుస్తుంది. 2009లో ఆర్క్90 అనే సంస్థ రీడబిలిటీ అని ఒక చిన్న స్క్రిప్టు విడుదల చేసింది. మరుసటేడు ఆపిల్ దాన్ని సఫారీ 5లో రీడర్‌గా పెట్టుకుంది. మొజిల్లా దాన్నే తీర్చిదిద్ది ఫైర్‌ఫాక్స్‌లో వాడుతోంది. ఆ స్క్రిప్టుకు వ్యాసం ఏదో తెలియదు, అది ఊహిస్తుంది. పేజీలో ప్రతి పేరాకూ మార్కులు వేస్తుంది. పేరా ఉన్నందుకు ఒక మార్కు. కామాకో మార్కు. ప్రతి వంద అక్షరాలకూ ఒక మార్కు, అదీ మూడుకు మించకుండా. ఆ మార్కులు పేరాను పట్టుకున్న డబ్బాకు పూర్తిగానూ, దాని పై డబ్బాకు సగమూ చేరతాయి. డబ్బా పేరులో ‘ఆర్టికల్’, ‘కంటెంట్’ లాంటి మాటలుంటే పాతిక కలుస్తాయి. ‘సైడ్‌బార్’, ‘స్పాన్సర్’ లాంటివి ఉంటే పాతిక పోతాయి. లోపల లింకులు ఎంత ఎక్కువైతే మార్కులు అంత తగ్గుతాయి. చివరికి ఎక్కువ మార్కులొచ్చిన డబ్బాయే వ్యాసం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు పేజీని చేటలో పోసి చెరగడమే ఇది.

తెలివైన పద్ధతి, కాదనను. 2010లో జర్మనీ పరిశోధకుడు క్రిస్టియన్ కోల్‌షుటర్ బాయిలర్‌పైప్ అని ఇంకొకటి తెచ్చాడు. అది ముక్కలో మాటలెన్ని, అందులో లింకు మాటలెన్ని అని చూసి తేలుస్తుంది. ట్రఫిలతూరా తన పద్ధతులతో ముందు ప్రయత్నించి, ఫలితం మీద నమ్మకం లేకపోతే రీడబిలిటీ లాంటి పాతవాటిని సాయం పిలుస్తుంది. ఆ సాయం అక్కర్లేదు, తొందరగా కానియ్యమంటే ‘--ఫాస్ట్’ అని ఆప్షన్ ఉంది. ఇంతమంది బుద్ధిమంతులు ఏళ్ల తరబడి కూర్చొని చేస్తున్న పనేమిటి? ఒక పేజీలో రచయిత రాసినది ఏదో కనుక్కోవడం. ఆ సంగతి పేజీ పెట్టినవాడికి ముందే తెలుసు. హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణం 2014లో ఖరారైనప్పుడు ‘ఆర్టికల్’ అని ఒక ట్యాగు, ‘మెయిన్’ అని ఒక ట్యాగు ఇచ్చారు. వ్యాసాన్ని అందులో పెట్టి ఊరుకుంటే ఎవరూ ఊహించాల్సిన పనే లేదు. మనవాళ్లు ఏం చేశారు? ప్రకటన కార్డుకూ ‘ఆర్టికల్’, పక్కన వేలాడే పది వార్తల శీర్షికలకూ తలా ఒక ‘ఆర్టికల్’ తగిలించారు. ఇచ్చిన గుర్తును కూడా పనికిరాకుండా చేశారు.

ఈ మార్కుల లెక్క తెలుగుకు ఎంతవరకు సరిపోతుందో ఎవరైనా ఆలోచిస్తున్నారా అనేది నా రెండో బాధ. ఇంగ్లీషు వాక్యం కామాల మీద నడుస్తుంది. తెలుగు వాక్యం క్రియ మీద క్రియ తొడుక్కుంటూ నడుస్తుంది. ‘లేచి మొహం కడుక్కుని కాఫీ తాగి పేపరు చూసి బజారుకు వెళ్లాడు’ అంటే అందులో ఐదు పనులున్నాయి, ఒక్క కామా లేదు. పాత తరం వచనం రాసినవాళ్ల పేరాల్లో కామాలు వెతికినా దొరకవు. కామాల లెక్కలో ఆ పేరా వెనకబడుతుంది. అక్షరాల లెక్కలో మాత్రం ముందుకొస్తుంది, ఎందుకంటే యంత్రం లెక్కపెట్టేది అక్షరాలను కాదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యంత్రానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇలా ఒక చోట నష్టం, ఇంకో చోట లాభం, మొత్తానికి ఎటు తేలుతుందో పేజీని బట్టి.

నష్టం తేటతెల్లంగా కనిపించేది కవిత దగ్గర. రీడబిలిటీ లెక్కలో పాతిక అక్షరాలకు తగ్గిన పేరాకు మార్కులే లేవు, దాన్ని చూడనే చూడదు. మన వచన కవితలో పాదం ఎంతుంటుంది? రెండు మాటలు, మూడు మాటలు, ఒక్కోసారి ఒకటే. పత్రిక వాళ్లు ఒక్కో పాదాన్నీ ఒక్కో పేరా ట్యాగులో పెడతారు. కవిత మొత్తం ఒక డబ్బాలోనూ, దాని కింద కవి పరిచయం ఇంకో డబ్బాలోనూ ఉంటాయి. పరిచయంలో ‘పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, సంపుటాలు, పురస్కారాలు’ అని కామాలే కామాలు. యంత్రం పరిచయానికి పెద్ద మార్కులు వేసి, కవితను చిల్లర కింద పక్కకు నెట్టేస్తుంది. కవి ఏ ఊళ్లో పుట్టాడో తెలుస్తుంది. రాసిన కవిత మాత్రం ఉండదు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. సాహిత్య పేజీలు దాచిపెట్టుకునే అలవాటున్న ఎవరైనా తమ ఫైళ్లు ఒకసారి తెరిచి చూసుకోండి.

మాకు తెలుగు చెప్పిన మాస్టారు ఒకరున్నారు. చూపు పోయింది. వారానికోసారి నేను సాహిత్య వ్యాసాలు కొన్ని టెక్స్టు ఫైళ్లుగా తీసి ఇస్తే, ఈస్పీక్ అనే పనిముట్టు వాటిని గొంతెత్తి చదువుతుంది. ఆయన వింటారు. ఒకసారి కన్నుమూసిన ఒక రచయిత మీద నివాళి వ్యాసం పెట్టాను. మూడో పేరా అవగానే ఆ యంత్రపు గొంతు అదే ధోరణిలో ‘ఇవీ చదవండి’ అని, ఆ వెంటనే బంగారం ధర, ఒక సినిమా తార పెళ్లి కబురు చదివి, మళ్లీ రచయిత అంత్యక్రియల దగ్గరికి వచ్చింది. మాస్టారు చెయ్యెత్తి ఆపమన్నారు. “ఏమయ్యా, ఈ బంగారం ఎవరిది?” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ పేజీ సోర్సు తెరిచి చూశాను. ‘ఇవీ చదవండి’ అనే ముక్కను వ్యాసం నడుమ, వ్యాసం పేరాలకు వాడిన ట్యాగుల్లోనే, అదే డబ్బాలో పెట్టారు. చదివేవాడు తప్పించుకు పోకుండా కావాలని చేసిన ఏర్పాటు అది. ‘--ప్రెసిషన్’ పెట్టాను. అంటే చెత్త తగ్గాలి, కాస్త అసలు పోయినా ఫర్వాలేదని చెప్పడం. బంగారం ధర పోయింది. దాంతోపాటు వ్యాసకర్త చివర్లో ఉదహరించిన పద్యమూ పోయింది. ‘--రికాల్’ పెట్టాను. అంటే అసలు ఏదీ పోకూడదు, చెత్త వచ్చినా సరే అని. పద్యం వచ్చింది, బంగారం వచ్చింది, కింద ఉన్న కాపీరైటు వరస కూడా వచ్చింది. ఆఖరికి చేత్తో దిద్ది ఇచ్చాను. పనిముట్టును తప్పుపట్టలేను. ఏది వదులుకుంటావో నువ్వే చెప్పమని అది నిజాయితీగా అడుగుతోంది. పద్యం వదులుకోవాలా, బంగారం ధర భరించాలా అన్న ప్రశ్న మనిషి ముందుకు తెచ్చిన పేజీదే తప్పంతా. ఆ ముక్కకు వేరే ట్యాగు పెట్టి ఉంటే కళ్లు లేని మనిషి ఒక నివాళిని నిమ్మళంగా వినేవాడు.

ఇక్కడైనా పేజీలో వ్యాసం ఉంది. ఇప్పుడు కొన్ని పేజీల్లో అదీ ఉండదు. ‘కర్ల్ -ఎస్ -ఎల్’ కొట్టి తెచ్చుకుంటే, వచ్చేది ఒక ఖాళీ డబ్బా, దాని కింద జావాస్క్రిప్టు ఫైళ్ల వరస. అవి బ్రౌజర్లో నడిచాకే ఆ డబ్బాలోకి అక్షరాలు దిగుతాయి. ట్రఫిలతూరా జావాస్క్రిప్టును నడపదు, కాబట్టి దానికి దొరికేది శూన్యం. లింక్స్‌లో పెడితే ‘జావాస్క్రిప్టు ఆన్ చేసుకోండి’ అన్న ఒక్క వాక్యం వస్తుంది. అప్పుడేం చెయ్యాలి? క్రోమ్‌ను ‘--హెడ్‌లెస్ --డంప్-డామ్’ అని తెర లేకుండా లేపి, పేజీ పూర్తిగా వండించి, వచ్చినదాన్ని పైపు గుండా ట్రఫిలతూరాకు పంపాలి. ఆరేడు వందల మాటల వ్యాసానికి వందల మెగాబైట్ల బ్రౌజరు! డౌగ్ మెకిల్‌రాయ్ ఆలోచన మీద 1973లో యూనిక్స్‌లోకి పైపు వచ్చింది. ఒక పని చక్కగా చేసే చిన్న చిన్న పనిముట్లను కలుపుకోవడానికి వచ్చిన పైపు అది. దాని మొదటి కొసకు ఇంత పెద్ద బ్రౌజరును తగిలిస్తుంటే నాకు మనసొప్పదు.

పేజీల వాళ్లనే అని ఊరుకుంటే న్యాయం కాదు. తెచ్చుకునేవాళ్లూ మారారు. 1994లో మార్టైన్ కోస్టర్ రోబోట్స్ ఫైలు ప్రతిపాదించాడు. నా సైటులో ఇక్కడికి రావద్దు అని యజమాని ఒక చిన్న ఫైల్లో రాసి పెడితే, యంత్రాలు మర్యాదగా ఆగేవి. ‘డబ్ల్యూగెట్ -ఆర్’ అని సైటు మొత్తం దించుకునేటప్పుడు అది ఆ ఫైలును చదివి గౌరవించేది, ఇప్పటికీ గౌరవిస్తుంది. మేం దానికి తోడు ‘--వెయిట్’ పెట్టి పేజీకీ పేజీకీ నడుమ రెండు సెకన్లు ఆగమనేవాళ్లం. అవతల సర్వరు ఏ కాలేజీలోనో బల్ల కింద ఉన్న చిన్న యంత్రం, దాని మీద ఇంకొకరు కూడా పనిచేస్తుంటారన్న ఎరుక. ‘--లిమిట్-రేట్’ పెట్టి వేగం తగ్గించుకునేవాళ్లూ ఉండేవాళ్లు. ఇప్పుడు కుర్రాళ్లు మొదట వెతికేది ‘--ప్యారలల్’. ఒకేసారి ఎన్ని దారాలు నడపవచ్చు, ఎంత తొందరగా లక్ష పేజీలు తోడవచ్చు అని. మాటలు నేర్చే మోడళ్లకు మేత కావాలి కాబట్టి ప్రతివాడూ అదే పని మీద ఉన్నాడు. దాంతో సైట్ల వాళ్లు తలుపులు బిగించుకున్నారు. ‘మీరు మనిషేనా’ అని అడిగే తెర ముందు ఇప్పుడు నిలబడుతున్నది లింక్స్ వాడే నాలాంటివాడు, మాస్టారు లాంటివారి కోసం ఒక్కటంటే ఒక్క పేజీ తెచ్చుకునేవాడు.

మా తమ్ముడి కొడుకు ఆ మేత సమకూర్చే పనిలోనే ఉన్నాడు. తెలుగు పేజీలు పోగేసి, పాఠం తీసి, శుభ్రం చేసి పంపుతారట. ఇది చిన్న విషయం కాదు. హగ్గింగ్ ఫేస్ అనే సంస్థ వాళ్లు 2024లో ఫైన్‌వెబ్ అని ఒక మహా సేకరణ విడుదల చేశారు. కామన్ క్రాల్ అనే వెబ్ నిల్వలోని పేజీల నుంచి అందులోకి పాఠం తీసింది ట్రఫిలతూరాతోనే. అంటే ఈ కమాండు వెనక ఏ ఆప్షన్ పెట్టారు, ఏది పెట్టలేదు అన్నదాన్ని బట్టి రేపు యంత్రాలకు ఏ వాక్యం తెలుస్తుంది, ఏది తెలియదు అన్నది తేలుతోంది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అడిగాను.

“ఒరేయ్, మీరు ఏ ఆప్షన్లు పెడుతున్నార్రా?”

“డిఫాల్టే పెదనాన్నా. అది బాగానే ఇస్తుంది.”

“డిఫాల్టులో కామెంట్లు వస్తాయి, తెలుసా?”

వాడికి తెలియదు. ఉన్నది ఉన్నట్టు నడిపితే ట్రఫిలతూరా వ్యాసంతోపాటు కింది కామెంట్లను కూడా తెస్తుంది, వద్దంటే మనమే చెప్పాలి. మన వార్తల కింద కామెంట్లలో ఎలాంటి తెలుగు ఉంటుందో చెప్పనక్కర్లేదు. మా రోజుల్లో కమాండు ముట్టుకునేముందు దాని వివరాలు చెప్పే ‘మాన్’ పేజీ చదివేవాళ్లం. ఆ పేజీలు 1971 నుంచి యూనిక్స్‌తోపాటు వస్తున్నాయి, చదవడానికే రాశారు. లింక్స్ మాన్ పేజీని నేను ప్రింటు తీసి కుట్టించుకుని బల్ల మీద పెట్టుకున్నాను. డిఫాల్టు అంటే రాసినవాడు తన అవసరానికి, తన భాషకు పెట్టుకున్న అంచనా. మన అవసరం, మన భాష వేరైనప్పుడు కూర్చొని చదవాలి. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సాయంత్రం హెల్ప్ మొత్తం వరస వరసా చదివించాను. ‘--డీడూప్లికేట్’ దగ్గర ఆపాను. ఒకే మాట మళ్లీ వస్తే ఏరేస్తుంది, సరే, మరి పల్లవి ఉన్న పాట సంగతేమిటి? చరణం చరణానికీ తిరిగి వచ్చే మకుటం ఉన్న శతకం సంగతేమిటి? వాడు సమాధానం చెప్పలేదు గాని, రాసుకున్నాడు.

‘--బ్యాకప్-డిర్’ అని ఇంకో ఆప్షన్ ఉంది. పాఠం తీసే ముందు దించుకున్న అసలు పేజీని ఒక ఫోల్డర్లో అలాగే దాచిపెడుతుంది. దాన్ని వాళ్లెవరూ వాడటం లేదు, డిస్కు దండగట. ఇది మాత్రం నేను ఒప్పుకోలేదు. తీసిన పాఠంలో పద్యం పోయిందని రెండేళ్ల తర్వాత తెలిస్తే, అప్పటికి ఆ పత్రిక సైటే ఉండకపోవచ్చు. అసలు పేజీ దగ్గరుంటే ఇంకో ఆప్షన్‌తో మళ్లీ తీసుకోవచ్చు. ఏ తేదీన, ఏ వెర్షనుతో, ఏ ఆప్షన్లతో తీశారో ఫోల్డర్లోనే ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టమన్నాను. ఆఫీసులో చెప్పి పెట్టించాడు. అంతవరకు సంతోషం.

కవితల సంగతి ఇంకా తేలలేదు. వాటికి ‘--రికాల్’ పెట్టి విడిగా నడపమని నా మాట, పైన చెత్త వస్తే తర్వాత ఏరుకుందాం. “పెట్టొచ్చు పెదనాన్నా, కాని అన్ని లక్షల పేజీల్లో కవితల పేజీలేవో ముందు తెలియాలిగా” అన్నాడు. సబబైన మాటే. ట్రఫిలతూరాలో ‘-ఐ’ అని ఆప్షన్ ఉంది, చిరునామాలు వరసకొకటి రాసిన ఫైలు ఇస్తే వాటినే తెస్తుంది. ఆ ఫైలు నేను తయారుచేస్తున్నాను. వారపత్రికల సాహిత్య పేజీలు, ఆదివారం అనుబంధాలు, ఆగిపోయిన చిన్న పత్రికల సైట్లు ఒక్కొక్కటీ తెరిచి చూసి, కవిత ఉన్న పేజీ చిరునామా ఎక్కిస్తున్నాను. ఉగాదికి వాడు మళ్లీ వస్తానన్నాడు, అప్పటికి మొదటి విడత ఇచ్చేస్తాను.